బకెట్టు మోసినవాడి గొణుగుడు

మా రోజుల్లో మనిషి తిన్న జింకులో వంటికి ఎంత పట్టిందో తెలుసుకోవాలంటే ముందు బకెట్లు కొనాలి. గట్టి మూతలున్న ప్లాస్టిక్ బకెట్లు, మనిషికి రోజుకొకటి. ఎందుకో చెబితే భోజనాల వేళ ఇది చదివేవాళ్లు నన్ను తిట్టుకుంటారు. చెప్పకపోతే అసలు కథే లేదు.

తిండి తూచి పెట్టేవాళ్లం. కంచంలో మిగిల్చింది మళ్లీ తూచేవాళ్లం. వచ్చిన మలాన్నీ మూత్రాన్నీ ఏమాత్రం వృథా పోకుండా పట్టేవాళ్లం. లోపలికి వెళ్లిన దాంట్లోంచి బయటికి వచ్చింది తీసేస్తే మిగిలింది ఒంటికి పట్టినట్టు లెక్క. దీన్ని బ్యాలెన్స్ స్టడీ అనేవాళ్లం. ఏ రోజు మలం ఏ రోజు తిండిదో ఎలా తెలుస్తుందని అడుగుతారేమో, దానికీ ఉపాయముంది. స్టడీ మొదలైన పొద్దున కార్మైన్ అనే ఎర్రరంగు గొట్టం మాత్ర మింగిస్తాం, స్టడీ అయిపోయాక ఇంకోటి. మలంలో మొదటి ఎరుపు కనబడ్డ దగ్గర్నుంచి రెండో ఎరుపు కనబడేదాకా వచ్చినదంతా మనది. ఆ ఎరుపు వచ్చిందా రాలేదా అని చూసే ఉద్యోగం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. జూనియర్ టెక్నీషియన్ అంటే ఎవరనుకున్నారు మరి?

తర్వాత నీళ్లు పోసి మిక్సీ తిప్పడం, డీప్ ఫ్రీజర్‌లో పెట్టడం, ఆరబెట్టడం, మఫిల్ ఫర్నేస్‌లో తెల్లటి బూడిదయ్యేదాకా కాల్చడం. లేదంటే నైట్రిక్, పెర్‌క్లోరిక్ ఆమ్లాల్లో ఉడికించడం. పెర్‌క్లోరిక్‌తో ఆటలు కుదరవు. అందులో సేంద్రియ పదార్థం మిగిలి ఉండగా నైట్రిక్ ముందే ఆవిరైపోతే పేలుతుంది. గోధుమరంగు పొగ పోయి తెల్లపొగ వచ్చేదాకా ఫ్యూమ్ హుడ్ ముందు నిలబడి, కళ్లు ఫ్లాస్కు మీదే పెట్టుకుని ఉండాలి. అదయ్యాక అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రం. జింకుకో దీపం, రాగికో దీపం, ఇనుముకో దీపం. అసిటిలీన్ మంటలోకి శాంపిల్ పీల్చుకుంటే ముల్లు కదిలేది, ఆ రీడింగు నోటుబుక్కులో రాసుకునేవాళ్లం. కరెంటు పోతే మొదటికొచ్చేది.

ఇంత చేసినా ఆ లెక్కలో ఒక పెద్ద చిల్లు ఉందని మాకూ తెలుసు. ఒళ్లు తనలోని జింకును క్లోమరసంలో, పేగుల స్రావాల్లో కలిపి మళ్లీ పేగులోకే వదులుతుంది. బకెట్లో ఉన్న జింకులో తిండిలో పట్టకుండా పోయినదెంత, లోపలినుంచి వచ్చినదెంత? రెండూ ఒకే జింకు, విడదీసే దారి లేదు. పైగా ఓ మనిషి రోజుకు 12 మిల్లీగ్రాములు తిని 11.6 వదిలాడంటే మిగిలింది 0.4. రెండు పెద్ద అంకెల మధ్య ఆ చిన్న తేడా! ఒక్క చెంచాడు శాంపిల్ కిందపడితే జింకు పోగొట్టుకున్నవాడు కాస్తా ఒంటికి పట్టించుకున్నవాడిగా మారిపోయేవాడు.

అందుకే ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో వేరువేరు బరువుల రకాలు, వచ్చాయి. మందలో మన గొర్రెకు రంగు పూసి వదిలినట్టు, తిండిలోని ఇనుముకు ఆనవాలున్న ఇనుమును కలిపి వదిలితే అది ఎక్కడ తేలుతుందో చూసుకోవచ్చు. ఈ ఆలోచన హెవెసీ అనే శాస్త్రవేత్తది. 1923లో మొక్కల్లో రేడియోధార్మిక సీసాన్ని వెంబడించాడు. 1934లో ఇంకొకరితో కలిసి, నీళ్లు కలిపిన భారజలాన్ని తానే తాగి ఒంట్లో ఎంత నీరుందో లెక్కగట్టాడు. అప్పట్లో శాస్త్రవేత్త ముందు తన నోట్లో పోసుకుని తర్వాత పక్కవాడి నోట్లో పోసేవాడు. ఈ కాలంలో ముందు ఎథిక్స్ కమిటీకి నలభై పేజీల దరఖాస్తు. ఆ నలభై పేజీలు ఎందుకొచ్చాయో కూడా చెబుతాను, ఆగండి.

మా తరానికి దొరికిన రంగు రేడియోధార్మికం. ఇనుము 59, సగానికి తగ్గే కాలం 44 రోజుల పైచిలుకు. ఇనుము 55కి రెండున్నరేళ్లు దాటుతుంది. జింకు 65కి ఎనిమిది నెలలు. ట్రాంబే అణుకేంద్రం నుంచి సీసపు డబ్బాల్లో వచ్చేవి. చొక్కా జేబుకు కిరణాలు కొలిచే ఫిల్మ్ బ్యాడ్జీ తగిలించుకుని పనిచేసేవాళ్లం. ఒకరోజు భోజనానికి 55, మర్నాడు ఇంకో భోజనానికి 59 కలిపి పెట్టి, రెండు వారాలాగి రక్తం తీస్తే ఏ భోజనం నుంచి ఎంత పట్టిందో కౌంటరు చెప్పేది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో నరసింగరావు గారి బృందం 1983లో ప్రచురించిన పని ఇలాంటిదే. మన జనం రోజూ తినే భోజనాలకు రేడియో ఇనుము కలిపి చూస్తే, అన్నం నుంచి ఇనుము కాస్త మెరుగ్గానూ, గోధుమ నుంచి తక్కువగానూ, చిరుధాన్యాల నుంచి మరీ తక్కువగానూ పట్టింది. ఇప్పుడు వీధికో మిల్లెట్ కేఫ్ పెట్టి రాగి జావలో ఇనుము గుట్టలుగా ఉందని బోర్డు రాస్తున్నారు. గింజలో ఉండటం వేరు, ఒంటికి పట్టడం వేరని నలభై ఏళ్ల కిందటే తేలిన సంగతి ఆ బోర్డు రాసినవాడికి ఎవరు చెప్పాలి?

ఇక ఆ నలభై పేజీల సంగతి. మా రోజులన్నీ బంగారమని నేననను. 1940లలో అమెరికాలోని నాష్‌విల్‌లో ఎనిమిది వందలమందికి పైగా గర్భిణులకు రేడియో ఇనుము తాగించారు. మసాచుసెట్స్‌లో ఒక ప్రత్యేక పాఠశాల పిల్లలకు సైన్స్ క్లబ్బని ఆశపెట్టి, రేడియోధార్మిక ఇనుము, కాల్షియం కలిపిన ఓట్స్ జావ పెట్టారు. 1969లో ఇంగ్లండులోని కోవెంట్రీలో మన దక్షిణాసియా ఆడవాళ్లకు, ఇరవై మందికి పైగా, రక్తహీనత పరిశోధన పేరుతో ఇనుము 59 కలిపిన చపాతీలు ఇంటికి పంపించారు. తర్వాత వాళ్లను హార్వెల్ అణుకేంద్రానికి తీసుకెళ్లి ఒంట్లో ఎంత మిగిలిందో కొలిచారు. ఏం తింటున్నామో మాకు తెలియదని వాళ్లలో కొందరన్న మాట 1995లో ఒక టీవీ డాక్యుమెంటరీతో బయటపడింది. డోసు తక్కువేనని వాదించేవాళ్లున్నారు. కావచ్చు. చపాతీ తినేవాళ్లకు అందులో ఏముందో చెప్పాలన్నది డోసును బట్టి మారే సంగతి కాదు.

పోషకాహారంలో ఎవరి గురించి తెలుసుకోవాలో వాళ్లే గర్భిణులు, చంటిపిల్లలు, ఎదిగే ఆడపిల్లలు. రేడియో ఐసోటోపు ఇవ్వకూడనిదీ వాళ్లకే. అక్కడ చిక్కుపడింది మా కాలం. అందుకని స్థిర ఐసోటోపులు. ఇవి విచ్ఛిన్నం కావు, కిరణాలు వదలవు, రోజూ మన కంచంలోనే ఉంటాయి. ఇనుము నాలుగు రకాలు. నూటికి దాదాపు 92 పాళ్లు 56 బరువుది, 54 సుమారు 6 పాళ్లు, 57 రెండు పాళ్లు, 58 అయితే 0.28 పాళ్లే. ఈ అరుదైన 57నో 58నో విడిగా పోగుచేసి తినిపిస్తే రక్తంలో వాటి నిష్పత్తి కొంచెం పెరుగుతుంది. ఆ కొంచెం ఎంతో కొలవాలి.

విడిగా పోగుచేయడమంటే మాటలా? రెండో ప్రపంచయుద్ధంలో అమెరికావాళ్లు అణుబాంబు కోసం ఓక్‌రిడ్జ్‌లో కాలుట్రాన్లనే మహా అయస్కాంత యంత్రాలు కట్టారు. తీగలకు రాగి కరువై ప్రభుత్వ ఖజానా నుంచి పధ్నాలుగు వేల టన్నులకు పైగా వెండి అప్పు తెచ్చుకుని చుట్టారు. యుద్ధమయ్యాక ఆ యంత్రాల్లో కొన్నిటి మీదే ఇనుము, జింకు, కాల్షియం ఐసోటోపులను విడదీశారు. బాంబుకు పుట్టిన యంత్రం చివరికి పసిపిల్లల రక్తహీనత కొలవడానికి పనికొచ్చింది. ఇనుము 58 మిల్లీగ్రాముల్లో కొనాలి, బంగారం షాపువాడు కూడా ఆ ధర విని నోరెళ్లబెడతాడు. మా ఊరి భాషలో చెప్పాలంటే, గ్లాసు ఒలికితే నెల జీతం ఒలికినట్టే.

కొలతలోనూ చాలా కష్టపడ్డారు. 1963లో అమెరికాలో లోమన్, క్రివిట్ అనేవాళ్లు మనుషులకు ఇనుము 58 ఇచ్చి, రక్తం శాంపిల్‌ను రియాక్టర్లో న్యూట్రాన్లతో కొట్టి కొలిచారు. తర్వాత మాస్ స్పెక్ట్రోమీటర్లొచ్చాయి. రీనియం తీగ మీద శుద్ధిచేసిన ఇనుమును చుక్కంత పెట్టి, ఎర్రగా కాల్చి, పైకి లేచిన అయాన్లను అయస్కాంతంతో బరువు వారీగా విడదీసే యంత్రం. రోజంతా కూర్చుంటే కొద్ది శాంపిళ్లు అయ్యేవి. సాన్‌ఫ్రాన్సిస్కోలో జుడిత్ టర్న్‌లండ్ అనే ఆవిడ 1980లలో పదకొండు మంది యువకులను తొంభై రోజులు ఒకచోట ఉంచి, తిండిలో రాగి మోతాదు మారుస్తూ రాగి 65తో చూసింది. రోజుకు 0.8 మిల్లీగ్రాములు పెడితే 56 శాతం పట్టింది, 1.7 పెడితే 36, 7.5 పెడితే 12 శాతమే. తక్కువ దొరికితే గట్టిగా పట్టుకోవడం, ఎక్కువైతే వదిలేయడం పేగుకు తెలుసు. ఇంత చక్కటి ఫలితం నేను మళ్లీ చూడలేదు. అది యంత్రం గొప్పతనం ఒక్కటే కాదు సుమా, మూడు నెలలు ఆ అబ్బాయిలను కదలకుండా కాపలా కాసిన వాళ్ల గొప్పతనం కూడా.

ఇప్పటివాళ్ల సంగతికొస్తాను. మా కాలనీలో ఒక పరిశోధక విద్యార్థిని ఉంది, తెలివైన పిల్ల, ఆర్గాన్ ప్లాస్మాతో నడిచే మాస్ స్పెక్ట్రోమీటరు మీద పనిచేస్తుంది. శాంపిలుకు కొద్ది నిమిషాలే.

“నిష్పత్తిలో మా తప్పు 0.05 శాతం దాటదు, మాస్టారూ” అంటుంది.

నేనడిగాను: “మరి ఆర్గాన్, ఆక్సిజన్ కలిస్తే 56 కదమ్మా. ఆర్గాన్, నైట్రోజన్ కలిస్తే 54. మీ మంటే నకిలీ ఇనుము పుట్టిస్తుంటే?”

“దానికి కొలిజన్ సెల్ ఉంది మాస్టారూ. 58 దగ్గర నికెల్ వస్తుంది, దాన్నీ సరిచేస్తాం.”

సరే, ఒప్పుకున్నాను. నా గొణుగుడు ఆ తర్వాతి లెక్క మీద. యాభై కిలోల ఆడమనిషి రక్తంలో హిమోగ్లోబిన్‌లోని ఇనుమంతా కలిపి సుమారు 1.4 గ్రాములు. అందులో సహజంగానే 57 రకం 30 మిల్లీగ్రాములు ఉంటుంది. మనం 4 మిల్లీగ్రాముల 57 పెట్టాం, 5 శాతం పట్టింది, అంటే 0.2. అందులో 80 శాతం ఎర్రకణాల్లోకి చేరుతుందనుకుంటే 0.16. 30లో 0.16 అంటే అర శాతం మార్పు. అదే 0.16 మిల్లీగ్రాములు 58 రకమైతే రక్తంలో సహజంగా ఉన్నది 4 మిల్లీగ్రాములే కాబట్టి మార్పు 4 శాతం. అరుదైనది కాబట్టే 58కి అంత ఖరీదు, మార్పు ఇంత చిన్నది కాబట్టే యంత్రానికి అంత సూక్ష్మత కావాలి. ఇంతవరకూ బాగుంది. ఆ 80 శాతం ఎక్కడినుంచి వచ్చింది? అందరికీ కలిపి అనుకున్న అంకె. ఆ 1.4 గ్రాములు? ఎత్తు, బరువు సూత్రంలో వేసి రక్తం ఇన్ని లీటర్లుంటుందని అంచనా కట్టినది. నిష్పత్తిని అయిదో దశాంశం దాకా కొలిచి, దాన్ని చుట్టుకొలత చూసి కట్టిన అంచనాతో గుణిస్తారు. వచ్చిన జవాబులో మాత్రం దశాంశాలన్నీ అలాగే అచ్చేస్తారు. మా గైడు ఉంటే ఎర్రపెన్నుతో కొట్టేసేవాడు.

ఇంకొకటి. మా రేడియో ఇనుముకు బరువే ఉండేది కాదు. తిండిలో కలిపినా ఆ తిండి తిండిగానే ఉండేది. వీళ్ల స్థిర ఇనుము మిల్లీగ్రాముల్లో పెట్టాలి. భోజనంలో అసలున్న ఇనుమే నాలుగైదు మిల్లీగ్రాములైతే, దానికి ఇంకో నాలుగు కలిపి అసలు భోజనం ఎలా పడుతుందో చూశామంటారు. యంత్రాలు మెరుగై డోసు తగ్గుతోందట, తగ్గనివ్వండి.

అన్నిటికన్నా పెద్దది దుమ్ము. పైనుంచి కలిపిన ఇనుము తిండిలోని ఇనుముతో కలిసిపోయి ఒకేలా పడుతుందన్నది 1972లో రేడియో ఇనుముతోనే తేలిన సూత్రం. అది వాస్తవమే, తిండిలో పుట్టిన ఇనుముకు. ఇనప మూకుడు నుంచి, పిండిమర నుంచి, సరిగా కడగని ఆకుకూరకు అంటిన ఎర్రమట్టి నుంచి వచ్చే ఇనుము అంత తేలిగ్గా కలవదు. మన వంటిళ్లలో ఆ ఇనుము తక్కువేం కాదు. అందుకే పిల్లలతో ఎప్పుడూ అంటాను, ల్యాబులో వండిన అన్నం మీద వచ్చిన అంకెను ఊరి వంటింటికి అంటగట్టే ముందు ఒకసారి ఆ వంటింట్లోకి వెళ్లి మూకుడు చూసి రండి అని. వాళ్లు నవ్వుతారు.

ఈ చిన్న శాతాలు చిన్నవేం కాదు, అందుకే నా బాధ. ఇనుము రోజుకు ఎంత తినాలో దేశానికి చెప్పే అంకె ఎంత పడుతుందన్న అంకె మీదే నిలబడింది. మగవాళ్లకు 3 శాతం, ఆడవాళ్లకు 5 శాతం పడుతుందనుకున్న రోజుల్లో మగవాడికి 28, ఆడదానికి 30 మిల్లీగ్రాములు అన్నారు. 2010లో ఆ శాతాలను 5, 8 చేశారు. వెంటనే 28 కాస్తా 17, 30 కాస్తా 21 అయ్యాయి. రాత్రికి రాత్రి ఎవరి కంచమూ మారలేదు. ముఖ్యంగా భాగహారంలో కింది అంకె మారింది. కోట్లమంది సరిపడా తింటున్నారా లేదా అన్న జవాబు మారిపోయింది.

బెంగళూరు సెయింట్ జాన్స్ సంస్థవాళ్లు స్థిర ఐసోటోపులతో 2008లో అచ్చేసిన పని నాకు నచ్చింది. అన్నం భోజనంతో ఒక కప్పు టీ తాగితే ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లలో ఇనుము పట్టడం సగానికి పడిపోయింది, రెండు కప్పులైతే మూడింట రెండు వంతులు తగ్గింది. రక్తహీనత ఉన్నవాళ్లకు ఇనుము ఎక్కువే పడుతుంది గానీ టీ వాళ్లనూ వదల్లేదు. హైదరాబాద్‌లో పోషకాహార సంస్థవాళ్లు కౌమార వయసు పిల్లలకు అన్నంతో జామపండు పెట్టి చూశారు. ఇనుము బాగా పెరిగింది, జింకు కదల్లేదు. నేను రెండూ నమ్ముతాను. నా కోపం మర్నాటి పేపరుతో. జామతో రక్తహీనత పరార్ అని శీర్షిక! జింకు సంగతి లోపల పేజీలో కూడా ఉండదు.

జింకు గురించి ఇంకో మాట. అది లేని చోటు లేదు. గాల్వనైజ్డ్ పైపులో జింకు, రబ్బరు బిరడాలో జింకు, గాయానికి వేసే ప్లాస్టరులో జింకు, ముఖానికి రాసుకునే పౌడర్లో జింకు. మా రోజుల్లో పౌడరు రాసుకుని ల్యాబులోకి వస్తే గేటు దగ్గరే వెనక్కి పంపేవాళ్లం. సీసాలు రాత్రంతా నైట్రిక్ ఆమ్లంలో నానాల్సిందే. శాంపిల్ లేని బ్లాంక్‌లో కూడా జింకు ఎక్కువొస్తే ఆ రోజు పనంతా పారబోయాల్సిందే. ఇప్పుడు క్లీన్‌రూమ్ ఉంది, ఫిల్టర్ గాలి ఉంది, ఆ గదిలోనే ఒకాయన జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి బల్లమీద పెడుతుంటే నా కళ్లతో చూశాను.

మాంగనీసు వాళ్ల మీద మాత్రం నాకు జాలి. దానికి స్థిర ఐసోటోపు ఒక్కటే, 55. రంగు పూయడానికి ఇంకో గొర్రె లేదు. ఎంత మంచి యంత్రం కొన్నా పాత పద్ధతే గతి.

జింకుకు బకెట్ల గొడవ తీరిపోయిందని ఆ పిల్ల మొన్న సంబరంగా చెప్పింది. నోటి ద్వారా ఒక రకం జింకు, నరంలోకి ఇంకో రకం ఇచ్చి, మూడు నాలుగు రోజులాగి కాసింత మూత్రం పడితే చాలు, రెండు ఆనవాళ్ల నిష్పత్తే పట్టిన శాతం. మలం ముట్టుకోనక్కర్లేదు.

“పేగులోకి ఒళ్లు తిరిగి వదిలే జింకు లెక్క కావాలంటే?” అన్నాను.

కాసేపు ఆలోచించి, “దానికి మాత్రం మలం కావాలి మాస్టారూ” అంది.

నాకు కలిగిన ఆనందం బయటపడకుండా మీసం దువ్వుకున్నాను. ఆ తర్వాత ఆమె అసలు అడగాలనుకున్నది అడిగింది. వచ్చే నెల హాస్టల్ అమ్మాయిలకు 57, 58 పెడుతున్నారట, మెతుకు మిగలకుండా ఎలా తినిపించాలి అని. ఏ పేపర్లోనూ ఈ వివరం ఒక వాక్యానికి మించి రాయరు. చెప్పాను. అన్నం తక్కువ వడ్డించు, ఎక్కువ వడ్డిస్తే మిగులుస్తారు. ఐసోటోపు ద్రావణం సగం అన్నం తిన్నాక కలుపు, మొదట్లోనే కలిపితే ముద్ద నచ్చక పక్కకు తోస్తారు. ఫోన్లు బయట పెట్టించు. తిన్న కంచం వేలితో తుడిచి నాకమని మొహమాటపడకుండా చెప్పు. సీసాలో రెండుసార్లు శుద్ధిచేసిన నీరు పోసి, గలగలా ఆడించి, ఆ నీళ్లు కూడా నీ కళ్లముందే తాగించు. తాగాక ఎవరైనా వాంతి చేసుకుంటే ఆ అమ్మాయి పేరు కొట్టేయి, వారం తర్వాత మళ్లీ పెడదామని ఎవరన్నా ఒప్పుకోకు. తర్వాత రెండు గంటలు టీ ఇవ్వనివ్వకు, వార్డెనమ్మ ఎంత బతిమాలినా సరే.